ల్యాప్‌టాప్ ఉండవలసింది క్యాబిన్‌లోనా, కార్గోలోనా?

ప్రశ్న: 2017 మార్చిలో అమెరికా ప్రభుత్వం దుబాయ్, అబుదాబి, దోహా సహా పది విమానాశ్రయాల నుంచి నేరుగా తమ దేశానికి వచ్చే విమానాల్లో ల్యాప్‌టాప్ వంటి, ఫోన్ కంటే పెద్ద ఎలక్ట్రానిక్ పరికరాలను క్యాబిన్‌లోకి అనుమతించక, చెకిన్ సామానులో పెట్టమంది. పవర్‌బ్యాంకును మాత్రం చేతి సంచిలోనే ఉంచమంటారు. రెంటిలోనూ ఉండేది లిథియం బ్యాటరీయే కదా, ఈ వైరుధ్యం ఎందుకు?

జవాబు 1: ఇవి రెండు వేర్వేరు భయాలు. 2016 ఫిబ్రవరి 2న సోమాలియా రాజధాని మొగదిషు నుంచి జిబూటీ బయలుదేరిన డాలో ఎయిర్‌లైన్స్ విమానంలో, ల్యాప్‌టాప్‌లో దాచినట్లు దర్యాప్తులో భావించిన బాంబు పేలి గోడకు రంధ్రం పడింది. అనుమానితుడు అందులోంచి బయట పడి మరణించాడు, విమానం మాత్రం వెనక్కి వచ్చి క్షేమంగా దిగింది. ఇలాంటి పరికరం మనిషి చేతిలో ఉండకూడదన్నదే ఆ నిషేధం ఉద్దేశమని నా అభిప్రాయం.

జవాబు 2: నిజమే గాని, నిప్పు సంగతి మరువరాదు. క్యాబిన్‌లో బ్యాటరీ పొగలు కక్కితే సిబ్బంది మంటను ఆర్పి, నీళ్లు పోసి చల్లబరచగలరు. కార్గో అరలోని హాలాన్ వాయువు మంటను అణచినా, బ్యాటరీలోని ఒక సెల్ నుంచి పక్క సెల్‌కు పాకే వేడిని ఆపలేదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పరీక్షలో, సూట్‌కేసులో బ్యాటరీ వేడెక్కించిన ల్యాప్‌టాప్‌కు ఆనించి ఉంచిన ఏరోసాల్ (స్ప్రే) డబ్బా నిమిషంలోపే పేలింది.

జవాబు 3: హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్లే మనవాళ్లకు ఆ మూడు నెలల పైచిలుకు ఇబ్బందే. దుబాయ్‌లో గేటు దాకా ల్యాప్‌టాప్ వాడుకొని సిబ్బందికి అప్పగిస్తే, పెట్టెలో భద్రపరచి అమెరికాలో తిరిగి ఇచ్చేవారు. (చంటిపిల్లలతో ట్యాబ్ లేని ప్రయాణం సంగతి వేరే చెప్పాలా!) తనిఖీలు కట్టుదిట్టం చేశాక, జులైలో నిషేధం పూర్తిగా ఎత్తివేశారు.