సోలెడు అంటే ఎన్ని గ్రాములు?

ఒక సభ్యులు అడిగిన ఈ ప్రశ్నకు మరొకరు "250 గ్రాములు" అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. బియ్యం వరకైతే అది మా ఇంటి లెక్కకు సరిపోతుంది గానీ, ఆ మాటకు అర్థంగా చెప్పడానికి మాత్రం పనికిరాదు.

గిద్దెడు, సోలెడు, తవ్వెడు, మానెడు, కుంచెడు అనే మాటలన్నింటి చివరా ఉన్న "ఎడు", ఆ పేరున్న కొలపాత్ర పట్టినంత అని చెబుతుందే తప్ప బరువు ఊసెత్తదు. చారెడు, దోసెడు కూడా ఇలాంటివే. అక్కడ చేతులే పాత్ర. కావలిలో మా ఇంట్లో ఉన్న ఇత్తడి సోలను నీళ్లతో నింపి తూచాను: 300 గ్రాములు. అదే సోలతో తలకొట్టి పోసిన బియ్యం 250, ఉప్పు 360, జల్లించిన గోధుమపిండి 160 తూగాయి. ఆ పిండినే అదిమి పోస్తే 200 దాటింది. మా మేనకోడలు హల్వాకు నీళ్లను సోలతోనే మూడుసార్లు కొలిచి, పిండిని మాత్రం సోలకు 250 గ్రాముల చొప్పున తూచి పోసిందట. గరిటె తిరగనంతగా బిగిసిపోయిందని ఫోను చేసింది. (సోల కూడా ఊరికొక తీరుగా ఉంటుంది కనుక నా అంకెలు మా సోలకే చెల్లుతాయి.)

తూకపు మాటల సంగతి వేరు. వీశె అంటే 120 తులాలు, తులం 11.66 గ్రాములు, కనుక ఇనుమైనా దూదైనా వీశె 1.4 కిలోలే. మా అమ్మమ్మ అరిసెలకు "కుంచెడు బియ్యానికి రెండు వీశెల బెల్లం" అని చెప్పేది. బియ్యం గింజలు కుంచంలో సర్దుకుంటాయి. బెల్లం అచ్చు సర్దుకోదు, కనుక దాన్ని తూచక తప్పదు. ఒకే వాక్యంలో రెండూ వచ్చినా కొలతనూ తూకాన్నీ ఆవిడ కలగాపులగం చేయలేదు, దేని చోట దాన్ని ఉంచింది.

ఇక "పుట్టి" సంగతికి వస్తే, అది నిజానికి 20 తూముల (తూమంటే నాలుగు కుంచాలు) కొలత. నెల్లూరు జిల్లాలో ధాన్యం బేరాల్లో మాత్రం ఇప్పుడు పుట్టి అంటే 850 కిలోల తూకం. కొలత మాట తూకంగా మారగలిగింది, ఎందుకంటే అక్కడ పుట్టి అనగానే వడ్లు తప్ప మరొకటి ఎవరి మనసులోకీ రాదు. సోలకు ఆ వెసులుబాటు లేదు; వంటింట్లో అది పొద్దున బియ్యంలోనూ మధ్యాహ్నం పిండిలోనూ మునుగుతుంది.

కాబట్టి ప్రశ్న అడిగినవారు "దేని సోలెడు?" అన్నది కూడా చెబితే, ఆ వస్తువును తూచి అంకె ఇక్కడే రాస్తాను.