కళ మనసుల్ని మారుస్తుందా, మారిన మనసులకే నచ్చుతుందా?

లైట్ల మనిషి:
పంతొమ్మిదేళ్లుగా ఒక చిన్న నాటక బృందంలో లైటింగ్ చూస్తున్నాను. నటన రాదు, రాయడం రాదు. మా లైట్ల బోర్డు ఎప్పుడూ పక్క వింగ్‌లోనే ఉంటుంది. అక్కడ కూర్చుంటే ముందు నాలుగైదు వరుసల మొహాలు స్టేజి వెలుగులో బాగా కనిపిస్తాయి. నటులకు ఆ అవకాశం ఉండదు.

నేను చేరిన కొత్తలో ఒక నాటిక వేశాం. భార్య మీద చెయ్యి చేసుకునే మనిషి కథ. ఒక చోట ఆమె ఎదురు మాట్లాడుతుంది, అతను చెంప మీద కొడతాడు. ఆ దెబ్బతో స్టేజంతా ఆర్పేసి ఆమె మొహం మీద ఒక్క లైటు ఉంచడం నా పని. మొదటి ప్రదర్శనలో నేను మిగతా లైట్లు తీసేశానో లేదో హాల్లో నవ్వు వినబడింది. ఒకరిద్దరు నవ్వడం కాదండీ, వరుసలకు వరుసలు నవ్వాయి. నా చెయ్యి డిమ్మర్ మీద అలాగే ఉండిపోయింది, తర్వాతి లైటు ఆలస్యమైంది. చివర్లో చప్పట్లు బాగా మోగాయి. కొందరు కళ్లు తుడుచుకున్నారు కూడా. ఆ చప్పట్లు ఎవరివో, ఆ నవ్వు ఎవరిదో నాకు ఈరోజుకీ తెలీదు.

మెచ్చుకున్నవాళ్లు ముందునుంచీ మా వైపే ఉన్నవాళ్లని, నవ్వినవాళ్లు నవ్వుతూనే ఇంటికెళ్లారని నా అనుమానం. కళ సమాజాన్ని ప్రశ్నిస్తుంది, ఆలోచన మారుస్తుంది అంటాం కదా. నిజంగా ఎక్కడైనా మార్చిందా? ఉదాహరణలతో చెప్పండి, నాకు నిజంగానే కావాలి.

మూడో బెంచీ:
ఏకంగా చట్టాలనే మార్చింది. 1906లో అప్టన్ సింక్లెయిర్ నవల ‘ది జంగిల్’ పుస్తకంగా వచ్చింది. షికాగో మాంసం ఫ్యాక్టరీల్లో వలస కూలీల బతుకు అందులో విషయం. అదే ఏడాది జూన్ 30న అమెరికాలో మాంసం తనిఖీ చట్టం, కల్తీ ఆహారం మీద, మందుల మీద చట్టం రెండూ ఒకే రోజు వచ్చాయి. ఒక నవల దేశం మొత్తాన్ని అంత కదిలించాక ఇంకేం రుజువు కావాలి?

పాత రేడియో:
మూడో బెంచీ గారూ, మీరు సగం దగ్గర ఆపేశారు. సింక్లెయిర్ రాసింది కూలీల కోసం. పాఠకులు బెంబేలెత్తింది తమ నోట్లోకి వెళ్లే మాంసం గురించి. జనం గుండెకు గురిపెడితే పొరపాటున కడుపుకు తగిలిందని ఆయనే తర్వాత వాపోయాడు. పైగా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇద్దరిని పంపి, ఫ్యాక్టరీల స్థితి మీద నివేదిక తెప్పించుకున్నాకే చట్టం ముందుకు కదిలింది. తిండి గురించి భయం జనంలో అప్పటికే ఉంది, నవల దాన్ని ఎగదోసింది. కూలీ గురించి కొత్తగా ఆలోచించమంటే మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఇంకో ఉదాహరణ నేనే ఇస్తాను. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా పట్టణం మీద, తర్వాత ఆ దేశానికి నియంత అయిన ఫ్రాంకో పక్షాన, బాంబులు వేశారు. చిత్రకారుడు పికాసో ఆ ఏడాదే దాన్ని బొమ్మగా గీసి పారిస్ ప్రదర్శనలో పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దంలో యుద్ధానికి వ్యతిరేకంగా అంతకంటే పేరున్న బొమ్మ లేదు. ఫలితం? ఫ్రాంకో 1975లో చనిపోయేదాకా గద్దె దిగలేదు. బొమ్మ స్పెయిన్ చేరింది 1981లో. అంటే దేశం మారాక బొమ్మ వచ్చింది.

మన గురజాడ ‘కన్యాశుల్కం’ సంగతీ అంతే. నాకు ప్రాణమైన నాటకం, అందుకే ఈ మాట కష్టంగా చెబుతున్నా. అది మొదట ఆడింది 1892లో. వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో. ఆడపిల్ల పెళ్లికి కనీసం 14 ఏళ్లుండాలన్న చట్టం వచ్చింది 1929లో. ముందు పదకొండేళ్లు, వెనక ముప్ఫై ఏడేళ్లు. ఈ మధ్యలో నాటకం వాటా ఎంతో చెప్పగలరా?

నీలిసిరా:
మీరు చెప్పిన గెర్నికా బొమ్మకే ఒక నేత ప్రతి ఉంది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి హాలు బయట వేలాడదీశారు. 2003 ఫిబ్రవరిలో ఇరాక్ మీద యుద్ధం గురించి అమెరికా వాదన వినిపిస్తున్న రోజుల్లో, విలేకరులతో మాట్లాడే చోట దాన్ని నీలం తెరతో కప్పేశారు. కెమెరాలకు వెనక రంగు తేలిగ్గా ఉండాలని కారణం చెప్పారు. ఆ బొమ్మకు ఏ శక్తీ లేకపోతే అరవై ఆరేళ్ల తర్వాత దాని ముందు నిలబడి యుద్ధం గురించి మాట్లాడడం అంత ఇబ్బంది ఎందుకైంది?

పాత రేడియో:
కప్పారు, సరే. మార్చిలో యుద్ధం మొదలైంది కూడా.

వానచుక్క:
ఇద్దరినీ ఒకటి అడుగుతాను. కళ మారుస్తుంది అనగానే మంచికే మారుస్తుందని ఎందుకు అనుకుంటున్నాం?

1915లో అమెరికాలో ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ సినిమా వచ్చింది. నల్లజాతివాళ్లను మృగాల్లా, కూ క్లక్స్ క్లాన్ ముసుగు మూకను వీరుల్లా చూపించింది. సినిమా తీయడంలో అది చాలా గొప్పదని ఇప్పటికీ సినిమా బడుల్లో చెబుతారు. క్లాన్ అప్పటికి నలభై ఏళ్ల కిందటే చచ్చిపోయిన సంస్థ. అదే ఏడాది నవంబర్‌లో జార్జియాలో స్టోన్ మౌంటెన్ మీద కొందరు చేరి దాన్ని మళ్లీ మొదలుపెట్టారు. అక్కడ ఒక శిలువను తగలబెట్టారు. పాత క్లాన్‌కు శిలువ తగలబెట్టే అలవాటే లేదు. అది ఆ సినిమాకు మూలమైన నవల్లోంచి, సినిమాలోంచి వచ్చింది. ఒక రచయిత కల్పించిన దృశ్యాన్ని మనుషులు నిజంగా చేసి, దశాబ్దాలపాటు నల్లవాళ్ల ఇళ్ల ముందు మంట పెట్టి భయపెట్టారు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కళకు శక్తి లేదని పాత రేడియో గారు అన్నప్పుడల్లా నాకు ఆ మంట గుర్తొస్తుంది.

పాత రేడియో:
వానచుక్క గారూ, ఆ ద్వేషం సినిమా పుట్టించింది కాదు. ముందే ఉంది. సినిమా దానికి ఒక రూపం ఇచ్చింది, అంతే.

వానచుక్క:
విషయమంతా ఆ “అంతే” దగ్గరే ఉందండీ. లోపల ఎవరికి వారు మోస్తున్నదానికి ఒక రూపం దొరికింది. పదిమంది కలిసి బాహాటంగా చెయ్యగల పని దొరికింది. మీరు దాన్ని చిన్నది అంటున్నారు. నాకది అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తోంది.

చిత్తుప్రతి:
వానచుక్క గారు పట్టుకున్న కొసను ఇంకొంచెం లాగుతాను. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

నేను చదివినవాటిలో ఈ ప్రశ్నను నిజంగా పరీక్షించి చూసిన పని రువాండాలో జరిగింది. 1994లో అక్కడ సుమారు వంద రోజుల్లో లక్షల మంది టుట్సీ వర్గంవాళ్లను, వాళ్లను చంపడానికి ఒప్పుకోని హుటూ వర్గంవాళ్లను ఊచకోత కోశారు. చంపమని ఉసిగొల్పినవాటిలో ఒక రేడియో స్టేషన్ కూడా ఉంది. మధ్యమధ్యలో మంచి పాటలు వేస్తూ, కబుర్లు చెబుతూనే ఆ విషం ఎక్కించింది. పదేళ్ల తర్వాత, 2004లో, మళ్లీ రేడియోలోనే, కానీ వేరే స్టేషన్లో, ‘ముసెకెవేయా’ అనే ధారావాహిక నాటకం మొదలుపెట్టారు. ఆ పేరుకు కొత్త ఉదయం అని అర్థం. పగబట్టిన రెండు పల్లెలు, అటొకరూ ఇటొకరూ ప్రేమించుకున్న జంట, పెద్దల మాటకు ఎదురు చెప్పే కుర్రాళ్లు. ఇదీ కథ.

ఎలిజబెత్ లెవీ పాలక్ అనే పరిశోధకురాలు కొన్ని ఊళ్లవాళ్లకు ఏడాదిపాటు ఈ నాటకం, మరికొన్ని ఊళ్లవాళ్లకు ఆరోగ్యం గురించి వేరే రేడియో నాటకం వినిపించింది. ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. నాటకం విన్నవాళ్ల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. ఇక్కడిదాకా పాత రేడియో గారిదే గెలుపు. మారింది ఏమిటంటే, నలుగురిలో ఏది చెయ్యొచ్చు, ఏది అనొచ్చు అన్న అంచనా. వేరే వర్గంవాళ్లతో పెళ్లి గురించి, నచ్చని మాటకు ఎదురు నోరు విప్పడం గురించి వాళ్ల జవాబులు తేడాగా వచ్చాయి.

నాకు బాగా గుర్తుండిపోయింది ఒక చిన్న సంగతి. చివరి రోజు ప్రతి ఊరికీ ఒక టేప్ రికార్డరు, ఆ కార్యక్రమం క్యాసెట్లు బహుమతిగా ఇచ్చారు. ఎవరి దగ్గర ఉంచుకోవాలో మీరే తేల్చుకోండి అన్నారు. ఆరోగ్య నాటకం విన్న ఊళ్లలో ఎవరో ఒకరు “ఊరి పెద్ద దగ్గర ఉంచుదాం” అంటే చాలావరకు అక్కడితో మాట అయిపోయింది. ముసెకెవేయా విన్న ఊళ్లలో ఎవరో లేచి, “అలా ఎందుకు, అందరం కలిసి చూసుకుందాం” అన్నారు. వాదన జరిగింది. పెద్దలు చెప్పిందే వేదమని గుడ్డిగా నడవడం వల్ల అంత రక్తం పారిన దేశంలో, ఒక టేప్ రికార్డరు గురించి ఒక మామూలు మనిషి “అలా ఎందుకు” అనగలగడం చిన్న విషయమా?

బ్రెజిల్ సంగతి ఇంకో రకం. 1960లో అక్కడ ఒక్కో స్త్రీకి సగటున 6.3 మంది పిల్లలు, 2000 నాటికి 2.3. గ్లోబో టీవీ సీరియళ్లు ఇంటింటికీ చేరిన కాలమూ అదే. ఆ సీరియళ్లలో హీరోయిన్లకు చాలామందికి పిల్లలే ఉండరు, లేదా ఒక్కరే ఉంటారు. ఏ ప్రాంతానికి గ్లోబో ప్రసారం ఎప్పుడు చేరిందో లెక్కగట్టి చూస్తే, చేరినచోట కాన్పులు ఇంకాస్త తగ్గాయని ఆర్థికవేత్తలు తేల్చారు. తగ్గుదల మొత్తం సీరియళ్ల వల్లేనని వాళ్లూ అనలేదు, నేనూ అనను. చదువు, పట్నాలకు వలస అన్నీ ఉన్నాయి. కానీ “తక్కువమందిని కనండి” అని ఆ కథల్లో ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. చిన్న కుటుంబంలో కూడా కోపాలు, ప్రేమలు, పండగలు ఉంటాయని రోజూ చూపించారు. పుట్టిన పిల్లలకు ఆ పాత్రల పేర్లు పెట్టుకున్నారు.

నీలిసిరా:
ఇది చదివాక నాకు నార్వే రచయిత ఇబ్సెన్ ‘ఎ డాల్స్ హౌస్’ గుర్తొచ్చింది. 1879 నాటకం. చివర్లో నోరా భర్తనూ పిల్లలనూ వదిలి వెళ్లిపోతుంది, తలుపు చప్పుడుతో తెర పడుతుంది. జర్మనీలో ఆ పాత్ర వెయ్యాల్సిన నటి, పిల్లల్ని వదిలి నేను వెళ్లను, అలా నటించను అని మొండికేసింది. వేరేవాళ్లు తన నాటకాన్ని ఇంకా పాడుచేస్తారేమోనని ఇబ్సెనే మనసు చంపుకుని మరో ముగింపు రాసిచ్చాడు. అందులో నోరా పిల్లల్ని చూసి కూలబడిపోతుంది, ఇల్లు వదలదు. కొన్నాళ్లు అలాగే ఆడారు. తర్వాత ఆ ముగింపును జనమే వదిలేశారు. ఇప్పుడు అన్ని చోట్లా తలుపు చప్పుడే.

ఒక స్త్రీ ఇల్లు దాటడం స్టేజి మీద కూడా ఊహించలేని కాలం ఉండేది. అది ఊహించదగ్గ విషయం అయింది. ఈ మార్పును ఏ చట్టం తేదీతో కొలుస్తాం?

పాత రేడియో:
రువాండా సంగతి నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది, చిత్తుప్రతి గారికి నమస్కారం. నా మాట కొంత వెనక్కి తీసుకుంటాను, మొత్తం కాదు. కష్టమైన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. మనిషి లోపల అలాగే ఉండి పైకి మాత్రం సర్దుకుంటే దాన్ని మార్పు అనాలా, నటన అనాలా? చెయ్యి ఎత్తేవాడు నలుగురి ముందు ఎత్తడం మానేసి తలుపు వేసుకుని ఎత్తితే ఆ ఇల్లాలికి ఒరిగిందేమిటి?

మూడో బెంచీ:
నలుగురూ తప్పు అంటున్నారని తెలిస్తే ఆ ఇల్లాలు తలుపు తీసి బయటకు చెప్పగలదు కదండీ. ముందు “నవ్వుతారేమో” అని చెప్పేది కాదు. మార్పును కొట్టేవాడిలోనే ఎందుకు వెతకాలి?

లైట్ల మనిషి:
మూడో బెంచీ గారు “నవ్వుతారేమో” అన్నచోట ఆగిపోయాను. మీ అందరికీ ఒకటి చెప్పాలి. మొదటి పోస్టులో రాయాలనుకుని, దానికి అర్థమేమిటో తేలక వదిలేశాను.

అదే నాటిక పన్నెండేళ్ల తర్వాత మళ్లీ వేశాం. అదే స్క్రిప్టు, అదే దెబ్బ. కొట్టేవాడి పాత్రలో కూడా అదే నటుడు. నేను లైట్లు తీసేశాను. ఈసారి నవ్వు రాలేదు. అది మా నాటిక గొప్ప కాదు, మొదటిసారి చూసినవాళ్లలో ఈసారి ఎంతమంది వచ్చారో కూడా తెలీదు. ఆ మధ్యలో ఎన్ని కథలు, సినిమాలు, పాటలు, ఎన్ని ఇళ్లలో ఎన్ని గొడవలు జరిగి ఆ నవ్వు ఆగిపోయిందో ఎవరు లెక్కగట్టగలరు?

కానీ రెండో వరుసలో ఒకాయన ఉన్నాడు. దెబ్బ పడగానే ఆయన పెదాలు విచ్చుకున్నాయి, భుజాలు కదిలాయి. నవ్వబోతున్నాడని నాకు తెలిసిపోయింది, ఆ కదలిక నేను పన్నెండేళ్ల కింద చూసిందే. ఆయన ఎడమవైపు చూశాడు. కుడివైపు చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. నోరు మూసుకున్నాడు. తర్వాత ఆ సీను అయ్యేదాకా స్టేజి వైపు చూడలేదు, చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయన లోపల ఏం జరిగిందో నాకు తెలీదు. పాత రేడియో గారన్నట్టు ఏమీ జరగకపోయి ఉండొచ్చు.

ఆయన అటూ ఇటూ చూడగలిగింది స్టేజి మీది ఆ ఒక్క లైటు కాస్త ముందు వరుసల మీద కూడా పడింది కాబట్టి. వెనక వరుసలన్నీ చీకట్లో ఉన్నాయి. అక్కడివాళ్లకు పక్కవాడి మొహం కనబడదు.

వచ్చే నెలలో ఆ నాటిక మళ్లీ వేస్తున్నాం. దెబ్బ పడ్డాక స్టేజి ఆర్పి, హాలు లైట్లు పావు వంతు వెలిగిద్దామని మా దర్శకుణ్ణి అడిగాను. రిహార్సల్లో చూసి చెబుతానన్నాడు.