బెర్నార్డ్ కాట్జ్ అసలు ఏం కనుక్కున్నారు?

ప్రశ్న:
నాడి నుంచి గుండెకు సందేశం రసాయనం ద్వారా చేరుతుందని 1921లో ఒట్టో లోవీ కప్ప గుండెలతో నిరూపించారు కదా. మరి అదే రంగంలో కాట్జ్‌కు 1970లో నోబెల్ ఎందుకు వచ్చింది? మా ఫిజియాలజీ పుస్తకంలో ఆయన గురించి రెండు వాక్యాలకు మించి లేదు.

జవాబు 1:
రసాయనం ఉందని లోవీ చూపించారు. అది ఎలా విడుదలవుతుందో కాట్జ్ చూపించారు. నాడి చివర నుంచి ఎసిటైల్ కోలిన్ అనే ఆ రసాయనం ధారగా కాదు, పొట్లాలుగా వస్తుంది.

జవాబు 2:
అవును, కానీ ఆయన ఆ మాట దాకా ఎలా వచ్చారో తెలిస్తేనే ఆ పని గొప్పతనం అర్థమవుతుంది. పాఠం చెప్పేటప్పుడు నేను ఎక్కువసేపు ఆగేది అక్కడే.

ఆయన లైప్జిగ్‌లో పుట్టిన యూదుడు. నాజీల పాలనలో ఉండలేక 1935లో లండన్ వెళ్లి శరీరశాస్త్రవేత్త ఏ.వి. హిల్ దగ్గర చేరారు. యుద్ధ కాలంలో ఆస్ట్రేలియా వైమానిక దళంలో రాడార్ అధికారి. 1946లో మళ్లీ లండన్.

1950 ప్రాంతంలో పాల్ ఫాట్‌తో కలిసి, కప్ప కండరంలో నాడి కలిసే చోట సన్నని గాజు ఎలక్ట్రోడ్ గుచ్చి చూశారు. నాడిని ప్రేరేపించనే లేదు, అయినా తెర మీద సుమారు అర మిల్లీవోల్టు ఎత్తున చిన్న చిన్న అలలు! పరికరం చేసే రొద అనుకుని వదిలేయవచ్చు. వాళ్లు వదల్లేదు. ఎలక్ట్రోడ్‌ను ఆ సంధికి కాస్త దూరం జరిపితే అలలు కనిపించలేదు. కండరం మీద ఎసిటైల్ కోలిన్ పనిచేయకుండా అడ్డుకునే క్యురారే అనే విషం వేస్తే అణగిపోయాయి. అంటే అది ఎసిటైల్ కోలిన్ పనే.

తర్వాత హోసే డెల్ కాస్టిల్యోతో కలిసి, కాల్షియం తగ్గించి మెగ్నీషియం పెంచిన ద్రవంలో నాడిని ప్రేరేపించారు. కండరంలో స్పందన బాగా తగ్గిపోయింది. అయితే తగ్గిన తీరు చూడండి: ఒకసారి దాదాపు ఒక చిన్న అలంత, ఇంకోసారి దానికి రెండింతలు, కొన్నిసార్లు అసలేమీ లేదు. ఒక్కో చిన్న అల ఒక్కో పొట్లం అన్నమాట. పొట్లాల లెక్క అలా బయటపడింది. ఆ గ్రాఫు ఎప్పుడు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా ధన్యవాదాలండీ. కాల్షియం తగ్గితే పొట్లాలు ఎందుకు తగ్గాలి?

జవాబు 2:
నాడి చివరకు సంకేతం చేరగానే కాల్షియం లోపలికి వెళ్తుంది. అది వెళ్తేనే విడుదల. 1960లలో కాట్జ్, రికార్డో మిలేడి దీన్ని పరీక్షించారు. సన్నని గొట్టంతో కాల్షియాన్ని ప్రేరణకు సరిగ్గా ముందు సంధి మీద వదిలితే ఎసిటైల్ కోలిన్ విడుదలైంది. ప్రేరణ ముగిశాక వదిలితే ఫలితం లేదు.