320 మందికి శనివారం టీమ్ అవుటింగ్: చేయాలా, మానాలా?

మూడో అంతస్తు:
మాది గచ్చిబౌలిలో 320 మంది ఉన్న ఆఫీసు. ఈసారి టీమ్ బిల్డింగ్ పని నా నెత్తిన పడింది. శనివారం పొద్దున ఏడున్నరకి ఎనిమిది బస్సులు, శామీర్‌పేట వైపు ఒక రిసార్టు, ఒకే రంగు టీషర్టులు, వరసగా ఆటలు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం డీజే, రాత్రి తొమ్మిదికి తిరుగు ప్రయాణం. తలకి రెండు వేల బడ్జెట్. మా వరసలోనే ముగ్గురు "ఆ డబ్బులేవో చేతికివ్వచ్చుగా" అన్నారు. మేనేజర్ మాత్రం బాండింగ్ పెరుగుతుందంటాడు. అంతమందితో నిజంగా ఏమైనా పెరుగుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అర్ధాకలి:
నాలుగు అవుటింగ్‌లకి వెళ్లొచ్చాను అన్నా. ఇంట్లో టీషర్టుల దొంతర పెరిగింది, అంతే. బస్సులో ఎవరి పక్కన కూర్చున్నామో బిర్యానీ దగ్గరా వాళ్లతోనే నిలబడ్డాం. కిందటేడు కళ్లకి గంతలు కట్టి వెనక్కి వాలమన్నారు, వెనకాలవాడు పట్టుకుంటాడట. వెనకాల ఉన్నది అప్రైజల్‌లో నన్ను పడేసిన మహానుభావుడే. వాలలేదు. "స్పోర్టివ్ కాదు" అని పేరు మాత్రం వచ్చింది.

లెక్కల పిచ్చి:
మీ ఆటల్లో తాడు లాగుడు ఉండే ఉంటుంది. దాని మీద పాత ప్రయోగం ఒకటుంది. మాక్సిమిలియన్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మనుషులు ఒంటరిగా, గుంపుగా ఎంత బలం పెడతారో కొలిచి 1913లో ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసేసరికి ఒక్కొక్కరు పెట్టే బలం ఒంటరిగా పెట్టినదాంట్లో దాదాపు సగానికి పడిపోయింది. అందరూ ఒకేసారి లాగకపోవడం ఒక కారణం. రెండోది ఒళ్లు దాచుకోవడం. 1974లో అమెరికాలో ఒకరి కళ్లకి గంతలు కట్టి, వెనక ఉన్నవాళ్లని లాగినట్టు నటించమన్నారు. నిజానికి లాగేది తనొక్కడే అయినా, వెనక జనం ఉన్నారనుకుని మనిషి తగ్గించి లాగాడు.

ఇంకో లెక్క: ఎనిమిది మందిలో ఇద్దరిద్దరి జతలు 28. మీ 320 మందిలో 51,040. ఒక్క శనివారంలో ఏ జతకి బాండింగ్ పెంచుతారు?

ఇంట్లో ఇద్దరు:
రాత్రి తొమ్మిదికి అక్కడ బస్సెక్కితే నేను ఇల్లు చేరేసరికి పదకొండు. పిల్లల్ని ఎవరు చూస్తారు? శనివారం నా సెలవు, ఆఫీసు దయ కాదు. "కంపల్సరీ కాదు" అంటూనే రానివాళ్ల పేర్లు ఎక్సెల్ షీట్‌లో ఎర్ర రంగులో పెడతారు. 2022 నవంబరులో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం ఇలాంటి కేసులోనే తీర్పిచ్చింది. మందు పార్టీలతో నిండిన కంపెనీ "సరదా"లో కలవలేదన్న కారణంతో ఉద్యోగిని తీసేయడం కుదరదంది. అంతదూరం ఎందుకు, వర్కింగ్ డే నాడు పెట్టండి, నేనే ముందు బస్సెక్కుతాను.

షిఫ్టు బి:
మీరంతా ఏసీలో పక్కపక్కన కూర్చునేవాళ్లు కాబట్టి దండగ అనిపిస్తుంది. మాది పాశమైలారంలో ఫ్యాక్టరీ, దాదాపు 400 మంది. ఒక షిఫ్టు ముఖం ఇంకో షిఫ్టుకి తెలియదు. మిషన్ ఆగితే ఫోన్లో తిట్టుకోవడమే చుట్టరికం. రెండేళ్ల కింద మా ప్లాంట్ హెడ్ ఆటలు వద్దని, వనభోజనాల్లాగా చేద్దామన్నాడు. అనంతగిరి దగ్గర తోట. కేటరింగ్ లేదు. పప్పు ఒక గుంపుకి, పులిహోర ఒక గుంపుకి, వంకాయ ఒక గుంపుకి. ఒక్కో గుంపులో అన్ని షిఫ్టుల వాళ్లనీ కలిపారు.

మా ఫిట్టర్ ఒకాయన ఎవరితోనూ రెండు మాటలకి మించి మాట్లాడడు. ఆయన ముందు పది కిలోల ఉల్లిపాయలు పోశారు, ఎదురుగా క్వాలిటీలో చేసే ఆడపిల్ల. ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు. గంటన్నరలో ఆయన కూతురి పెళ్లి సంబంధం దాకా వెళ్లింది కబురు. సోమవారం ఫోన్ ఎత్తి "ఎవరు మాట్లాడేది" అనలేదు, "ఉల్లిపాయల అన్నా, మూడో లైన్ ఆగింది, జర చూడు" అంది. ఆయన వెళ్లాడు కూడా.

లెక్కల పిచ్చి:
వంట నిజమైన పని. ఎవరు ఒళ్లు దాచుకున్నారో అందరికీ కనబడుతుంది, కూర మాడితే తినాల్సిందీ వాళ్లే. ఒప్పుకుంటున్నాను.

అర్ధాకలి:
కార్తీకం, ఉసిరిచెట్టు అంటే సగంమందికి సరిపడదు భయ్యా. వేరే మతంవాళ్లున్నారు. పైగా మా ఊళ్లో ఇప్పుడు వనభోజనాలంటే కులసంఘం బ్యానరే. బిర్యానీ లేకపోతే మావాళ్లు బస్సు కూడా ఎక్కరు.

షిఫ్టు బి:
పూజ పెట్టలేదు, ఆ పేరూ పెట్టలేదు. డిసెంబర్‌లో "వంటల రోజు" అన్నాం. ఒక పొయ్యి మీద చికెన్ కూడా ఉడికింది. జగడం అయింది ఒక్కటే, పులిహోరలో ఇంగువ ఎక్కువైందని.

మైకు మోసినవాడు:
రెండేళ్లు ఈవెంట్ కంపెనీలో పనిచేశాను. వందలమందికి ఒకే స్టేజీ, ఒకే మైకు పెడితే ముందు మూడు వరసలు ఆడతాయి, మిగతావి ఫోన్లు చూసుకుంటాయి. అది మాకూ తెలుసు. అయినా అమ్ముతాం, ఫొటోల్లో జనం నిండుగా కనబడతారు కదా.

చిన్న గుంపులకి మార్ష్‌మాలో ఆట మంచిది: 20 స్పఘెట్టీ పుల్లలు, గజం టేపు, గజం దారం, 18 నిమిషాలు. గోపురం కట్టి పైన మార్ష్‌మాలో నిలబెట్టాలి. మేనేజ్‌మెంట్ చదివినవాళ్ల కంటే బడి పిల్లలే బాగా కడతారని పేరు. పెద్దలు ప్లాన్ గీసి చివరి నిమిషంలో మార్ష్‌మాలో పెడతారు, కూలుతుంది. పిల్లలు మొదటినుంచీ పెట్టి చూసుకుంటూ కడతారు. ఒకసారి మార్ష్‌మాలో దొరక్క మైసూర్‌పాక్ ఇచ్చాం. రెండు గుంపులు గోపురం లేవకముందే తినేశాయి. ఆట అయ్యాక పది నిమిషాలు కూర్చోబెట్టి "ఎందుకు కూలింది" అని మాట్లాడించాలి. టైమ్ లేదని అందరూ కోసేసేది ఆ పది నిమిషాలే.

మూడో అంతస్తు:
అందరికీ థాంక్స్. నిన్న మేనేజర్‌తో కూర్చున్నాను. శనివారం పోయి శుక్రవారం అయింది, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు వరకే. ఎనిమిదేసి మంది, నలభై గుంపులు, ఒకే టీమ్ వాళ్లు ఇద్దరికి మించకుండా చీటీలు వేస్తున్నాం. వంట కుదరలేదు, రిసార్టువాళ్లు పొయ్యి ముట్టుకోనివ్వరట. కనీసం చాట్ బండి లాంటివి గుంపులకే అప్పజెప్పమని అడుగుతున్నాను. రానివాళ్ల లిస్టు ఉండదని మెయిల్‌లో రాయమన్నాను, "చూద్దాం" అన్నాడు. డీజేని మాత్రం వదలట్లేదు.

ఇంట్లో ఇద్దరు:
"చూద్దాం" అంటే లిస్టు ఉన్నట్టే. మెయిల్ వచ్చేదాకా వదలకండి.

అర్ధాకలి:
టీషర్టు ఏ రంగన్నా?