తొలిచూలు కాన్పుల్లో అందరికీ ఎపిజియోటమీ వేయాల్సిందేనా?

హౌస్‌సర్జన్, శ్రీకాకుళం:
లేబర్ రూమ్ పోస్టింగ్‌లో ఉన్నాను. మా యూనిట్‌లో తొలిచూలు అంటే చాలు, తల కనబడగానే యోని ద్వారాన్ని కోసి వెడల్పు చేయడానికి (అదే ఎపిజియోటమీ) కత్తెర అందుకుంటారు. ఫస్టియర్‌లో పెరీనియం (యోని, మలద్వారాల చుట్టూ, మధ్యా ఉండే భాగం) అంటే రెండు త్రిభుజాలు, వాటి మధ్య పెరీనియల్ బాడీ అని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం. ఇప్పుడు అక్కడే కోత పడుతుంటే ఇది అందరికీ అవసరమా అనిపిస్తోంది. మామూలు కాన్పుల్లో అలవాటుగా వేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. వేయకపోతే చిరుగు మలద్వారం దాకా పోతుందని సీనియర్లు అంటున్నారు. ఏది నమ్మాలి?

గైనిక్ పీజీ:
సీనియర్ల మాట కొట్టిపారేయకండి. ఆసియా స్త్రీలకి స్ఫింక్టర్ (మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం) చిరిగే ప్రమాదం ఎక్కువని బ్రిటన్ గైడ్‌లైన్లే రాశాయి. అర్ధరాత్రి డ్యూటీలో ఒక్కరే ఉన్నప్పుడు వంకరటింకర చిరుగు కన్నా తిన్నని కోత కుట్టడం సులువు.

అనాటమీ ట్యూటర్, విజయనగరం:
సులువు మనకి, ఆ తల్లికి కాదు. కత్తెర ఏం కోస్తోందో ముందు చూడండి. మీడియోలాటరల్ కోతలో, అంటే మధ్య నుంచి పక్కకి ఏటవాలుగా వేసే కోతలో, యోని గోడ, చర్మం, బల్బోస్పాంజియోసస్, సూపర్‌ఫిషియల్ ట్రాన్స్‌వర్స్ పెరీనియల్ అనే పెరీనియం కండరాలు తెగుతాయి. లోతుకి పోతే ప్యూబోరెక్టాలిస్ అనే లోపలి కండరం పోగులు కూడా తెగొచ్చు. పెరీనియల్ కండరాలు వాటంతటవే చిరిగితే సెకండ్ డిగ్రీ టేర్ అని కేస్ షీట్‌లో రాస్తాం. అంటే ఎపిజియోటమీ వేసిన ప్రతి తల్లికీ ఆ గాయం మన చేత్తోనే చేస్తున్నాం. వదిలేస్తే వాళ్లలో కొందరికి చర్మం మాత్రమే చీరేది, కొందరికి అదీ ఉండేది కాదు.

అవసరమైన వాళ్లకే వేసే పద్ధతిలో తీవ్రమైన చిరుగులు సుమారు 30 శాతం తగ్గొచ్చని అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2017 కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఇక ఆసియా స్త్రీల మాట. ప్రమాదం ఎక్కువ అన్నంత మాత్రాన కోత దాన్ని తగ్గిస్తుందని రుజువైపోదు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలు.

అసలు ఈ కోత గురించి 1742లో డబ్లిన్‌లో ఫీల్డింగ్ ఔల్డ్ రాసింది కష్టమైన కాన్పుల కోసం. అందరికీ ముందుజాగ్రత్తగా వేయాలని గట్టిగా వాదించింది 1920లో షికాగోకి చెందిన జోసెఫ్ డెలీ. మనం మోస్తున్నది ఆ అలవాటే.

లేబర్ రూమ్ సిస్టర్:
పలాస వైపు నుంచి వచ్చే అమ్మాయిల్లో జీడిపిక్కల పనివాళ్లుంటారు. కూర్చుని చేసే పని. కుట్లు ఆరిపోయాక కూడా కూర్చోలేకపోతున్నానక్కా అని వచ్చి ఏడుస్తారు. పాలివ్వడానికి కూడా ఒక పక్కకి ఒరిగి కూర్చుంటారు. డిశ్చార్జ్ చేసేసిన డాక్టర్లకి ఇది కనబడదు. తల బయటికొచ్చే ముందు గట్టిగా ముక్కమని అరవడం ఆపి, నోటితో ఊపిరి వదలమనండి. ఒక చేత్తో తల దూసుకురాకుండా ఆపి, రెండో చేత్తో పెరీనియం కాయండి. చాలామందికి కత్తెర అవసరమే పడదు.

గైనిక్ పీజీ:
ఒప్పుకుంటాను సిస్టర్. మరి ఫోర్సెప్స్ (బిడ్డ తలని పట్టి లాగే పరికరం) వేసినప్పుడు, బిడ్డ గుండె చప్పుడు పడిపోయినప్పుడు ఏం చేస్తారు?

అనాటమీ ట్యూటర్, విజయనగరం:
అప్పుడు వేయండి, అందుకే కదా అది ఉన్నది. కానీ కోణం చూసుకోండి. తల ఒత్తిడికి పెరీనియం ఉబ్బి సాగి ఉంటుంది. అప్పుడు మధ్యరేఖ నుంచి 60 డిగ్రీల్లో వేస్తే, కుట్టాక 45 దగ్గరికి వస్తుంది. 45లోనే వేస్తే ఇంకా లోపలికి జరిగి స్ఫింక్టర్ పక్కకే చేరుతుంది. లోకల్ (అక్కడికి మాత్రమే మత్తు) ఇవ్వకుండా కోయకండి. వెన్నుపాము కింది భాగంలోని ఎస్2, 3, 4 నుంచి వచ్చే పుడెండల్ నరం ఇక్కడి నొప్పిని చాలావరకు మోస్తుంది. కోసినా కోయకపోయినా, చిరుగు ఉంటే కుట్టే ముందు మలద్వారంలో వేలు పెట్టి పరీక్షించాలి. పైకి చిన్నగా కనబడే చిరుగు వెనక స్ఫింక్టర్ తెగి ఉండొచ్చు. అప్పుడు దొరక్కపోతే ఆ తల్లికి తర్వాత మలం, గ్యాస్ ఆగకపోవచ్చు, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోదు కూడా.

హౌస్‌సర్జన్, శ్రీకాకుళం:
థాంక్యూ మేడమ్. సిస్టర్, వేడి గుడ్డ కాపడం మంచిదంటారు కదా, ఎప్పుడు మొదలుపెట్టాలి?

లేబర్ రూమ్ సిస్టర్:
తల పెరీనియాన్ని సాగదీయడం మొదలైనప్పటి నుంచి. శుభ్రమైన గుడ్డని గోరువెచ్చటి నీళ్లలో ముంచి, పిండి, మెత్తగా ఆనించి పట్టుకోండి. చల్లారితే మార్చండి. ముందు మీ మణికట్టు మీద పెట్టి వేడి చూసుకోండి బాబూ.