నడుము కొలత: హద్దు 90/80 నా, 102/88 నా? టేపు ఎక్కడ పెట్టాలి?

సర్వేడెస్క్:
30 దాటినవాళ్ల నడుము కొలతలు రెండు షీట్లలో ఉన్నాయి. ఒకటి గుంటూరు వైపు పల్లెలది, రెండోది అమెరికాలో ఉన్న తెలుగువాళ్లది. మొదటిదాంట్లో పొట్ట ఊబకాయానికి హద్దు మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80. రెండోదాంట్లో 102, 88. పైగా అక్కడ తుంటి ఎముక పై అంచున కొలిచారు, ఇక్కడ బొడ్డు మీద. శాతాలు పోల్చవచ్చా?

లెక్కలమాస్టారు:
ఇలాగే పోల్చకండి. 102/88 పుట్టింది యూరప్ జనాల్లో, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 30కి, అంటే ఊబకాయం హద్దుకు దీటుగా. దక్షిణాసియావాళ్లలో అంతకన్నా సన్నటి నడుముకే లోపలి కొవ్వు (పొట్టలో అవయవాల చుట్టూ చేరేది), షుగర్ ముప్పు ఎక్కువ. అందుకే 2005లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య మనకు 90/80 పెట్టింది. మనిషి ఉంటున్న దేశాన్ని కాదు, మూలాన్ని చూడాలనీ చెప్పింది. కాబట్టి డల్లాస్‌లో ఉన్నా తెలుగువాళ్లకు 90/80 నే.

హద్దు జనాన్ని బట్టి మారుతుంది. జపాన్ హద్దులు మగవాళ్లకు 85, ఆడవాళ్లకు 90. తలకిందులుగా అచ్చు పడలేదు. బొడ్డు మట్టాన తీసిన సీటీ స్కాన్‌లో లోపలి కొవ్వు 100 చదరపు సెం.మీ. ఉన్నవాళ్ల నడుము చూసి తేల్చినవి. మీ షీట్లకు శాతాలతోపాటు నడుము సగటు, మధ్యస్థం (వరుసలో పేరిస్తే నడిమి కొలత) కూడా ఇవ్వండి. హద్దు మారినా అవి మారవు.

టేపుమనిషి:
హద్దు కన్నా ముందు చోటు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో, చంక కింద పక్కవాటున చేతికి తగిలే చివరి పక్కటెముక కింది అంచుకీ, తుంటి ఎముక పై అంచుకీ నడిమధ్య కొలవాలి. రెండు చోట్లా పెన్నుతో గుర్తు పెట్టి, మధ్యలో టేపు చుట్టాలి. బొడ్డును నమ్ముకోలేం, పొట్ట జారినవాళ్లలో అదీ కిందికి జారుతుంది. తుంటి అంచున తీస్తే, ముఖ్యంగా ఆడవాళ్లలో, కొలత ఎక్కువ వస్తుంది.

పాదాలు దగ్గరగా పెట్టి నిలబడాలి, చేతులు వదులుగా ఉండాలి. మామూలుగా ఊపిరి వదిలాక అంకె చూడాలి. "పొట్ట బిగించకండి" అంటే ఇంకా బిగిస్తారు. మాటల్లో పెట్టి కొలవండి. చీర మీద కొలిస్తే కుచ్చిళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. ఆడ సిబ్బందితో, చాటున, లంగా బొందు వదులు చేయించి ఒంటిమీదే తీయాలి. వెనక టేపు కిందికి జారిందేమో రెండో మనిషి చూడాలి. రెండుసార్లు తీసి, తేడా 1 సెం.మీ. లోపుంటే సగటు రాయండి, దాటితే మళ్లీ మొదలు. గుడ్డ టేపు వాడేకొద్దీ సాగుతుంది, స్టీలు స్కేలుతో సరిచూడండి. ప్యాంటు సైజు అడిగి రాసుకోవడం మాత్రం వద్దు, మనవాళ్లు దాన్ని పొట్ట కిందకి కట్టుకుంటారు.

పల్లెక్లినిక్:
ఆశా వర్కర్లు ఊళ్లో షుగర్, బీపీ లాంటి జబ్బుల ముప్పుకు మార్కులు వేసే సీబ్యాక్ ఫారంలోనూ ఇదే గీత. ఆడవాళ్లకు నడుము 80 వరకు 0 మార్కులు, 81-90కి 1, ఆపైన 2. మగవాళ్లకు 90 వరకు 0, 91-100కి 1, ఆపైన 2. కానీ 150 సెం.మీ. ఎత్తున్న ఆవిడకు నడుము 79 ఉంటే ఇందులో సున్నానే. ఎత్తుతో భాగిస్తే 0.53, అంటే సగం దాటింది. ఎత్తు ఎలాగూ తీస్తున్నారు కాబట్టి ఆ నిష్పత్తి కూడా ఒక గడిలో పెట్టండి. 0.5 దాటితే జాగ్రత్త, 0.6 చేరితే ముప్పు బాగా ఎక్కువ.

సర్వేడెస్క్:
బొడ్డు మీద తీసినవాటిని ఏదైనా అంకె కలిపో తీసేసో సరిచేయొచ్చా అండీ?

టేపుమనిషి:
అందరికీ ఒకే అంకె కుదరదు. ఆడ, మగ, సన్నం, లావు అన్ని రకాలూ వచ్చేలా కొందరిని ఎంచి, ఒకే పూట మూడు చోట్లా (బొడ్డు, తుంటి అంచు, నడిమధ్య) కొలిపించండి. తేడా ఆడవాళ్లకూ మగవాళ్లకూ విడిగా చూడండి. ఒక్కో మనిషికి ఒక్కోలా ఊగుతుంటే ఆ రెండు షీట్లనూ కలపకండి, విడివిడిగానే రాయండి.