ట్రైనర్‌కి 40 బుషింగా, 46 బేరింగా?

కొత్తరెక్క:
బాల్సా ట్రైనర్ (ఎగరేయడం నేర్చుకునే రేడియో కంట్రోల్ మోడల్ విమానం) కిట్ పూర్తి కావచ్చింది. పై రెక్క, రెక్క పొడవు 1600 మి.మీ., రేడియోతో కలిపి బరువు దాదాపు 2.5 కిలోలు రావచ్చు. ప్లాన్ మీద "40–46 టూ స్ట్రోక్" అని ఉంది (అంటే 0.40–0.46 క్యూబిక్ అంగుళాల ఇంజిన్). ఇంకా ఎగరేయడం రాదు, నేర్చుకోవాలి. ఎగరేసేది గడ్డి నేల మీద. 46 పెడితే వేగం ఎక్కువై నా చేతికి అందదేమోనని అనుమానం. ఇరుసుకి బాల్ బేరింగ్ బదులు బుషింగ్ (లోహపు తొడుగు) ఉన్న 40 చాలా? లేక 52 ఫోర్ స్ట్రోక్ నయమా?

నీడిల్‌వాల్వ్:
బాల్ బేరింగ్ 46 తీసుకోండి. విమానం వేగాన్ని ఎక్కువగా తేల్చేది ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి అది ముందుకు సాగే దూరం), ఇంజిన్ సైజు కాదు. 46కి 11×5 ప్రాప్ (వ్యాసం 11, పిచ్ 5 అంగుళాలు) బిగిస్తే లాగుడు బాగుంటుంది, వేగం మితంగా ఉంటుంది. పైకి లేచాక థ్రాటిల్ సగానికి తగ్గించి ఎగరేయవచ్చు. అదే ఇంజిన్‌కి 10×7 పెడితే విమానం దూసుకుపోతుంది, మొదట్లో అది వద్దు.

గడ్డి చక్రాలను పట్టేస్తుంది. 2.5 కిలోల విమానాన్ని బుషింగ్ 40 లేపలేదని కాదు, 10×6తో లేపుతుంది. కాకపోతే గడ్డి కాస్త ఎత్తుగా ఉన్న రోజున పరుగు సాగుతూనే ఉంటుంది, మిగులు బలం ఉండదు.

ఇంకో సంగతి ఐడిల్, అంటే థ్రాటిల్ పూర్తిగా తగ్గించినప్పటి తిరుగుడు. ఇంజిన్ 2200–2500 ఆర్‌పీఎం దగ్గర ఆగకుండా తిరగాలి. 3000 దాటితే దిగేటప్పుడు విమానం తేలుతూ రన్‌వే దాటిపోతుంది. అంత తక్కువలో నిలకడగా తిరగడం బేరింగ్ ఇంజిన్‌కి సులువు.

11 అంగుళాల ప్రాప్ అంటే ఇరుసు నుంచి అంచుకి 14 సెం.మీ. దాని కింద కనీసం 3 సెం.మీ. ఖాళీ ఉందో లేదో చూసి, లేకపోతే ముందు చక్రం కాడ పొడవు పెంచండి. ఫోర్ స్ట్రోక్ మంచిదే కానీ వాల్వ్ క్లియరెన్స్ సరిచూసే పని అదనం. మొదటి విమానానికి అవసరం లేదు.

రిచ్‌మిక్స్:
46లో ఎక్కువగా వచ్చేది ఏబీసీ రకం: అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూత ఉన్న ఇత్తడి సిలిండర్. చల్లగా ఉన్నప్పుడు పై భాగంలో బిగుసుకుని కీచుమంటుంది. అది లోపం కాదు, వేడెక్కాక సిలిండర్ వ్యాకోచించి సరిపోయేలా చేసిన అమరిక. అందుకే దీన్ని పిస్టన్‌కి రింగ్ ఉన్న ఇంజిన్‌లా మరీ రిచ్‌గా (ఇంధనం ఎక్కువగా), చల్లగా నడిపి బ్రేక్-ఇన్ (కొత్త ఇంజిన్‌ని మొదట్లో అలవాటు చేయడం) చేస్తే అరుగుదల పెరుగుతుంది.

10 శాతం నైట్రో, 18 శాతం నూనె ఉన్న ఇంధనం వాడండి. ఆ నూనెలో కొంత ఆముదం ఉంటే మేలు. మెయిన్ నీడిల్ (ఇంధనం మోతాదు మార్చే మర) పూర్తిగా మూసి రెండున్నర చుట్లు తెరవండి (మాన్యువల్‌లో వేరేగా ఉంటే అదే పాటించండి). స్టార్ట్ అయ్యాక ఫుల్ థ్రాటిల్‌లో, శబ్దం ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ లాంటి మోత నుంచి మామూలు టూ స్ట్రోక్ మోతకి మారుతూ ఊగే చోట నీడిల్ ఉంచి 2–3 నిమిషాలు నడిపి ఆపేయండి. పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ. ఇలా నాలుగైదుసార్లు. ఆ తర్వాత గరిష్ఠ ఆర్‌పీఎం పట్టి, అక్కడి నుంచి 300 తగ్గేదాకా నీడిల్ తెరవండి. ముక్కు పైకెత్తి పట్టుకున్నప్పుడు ఇంజిన్ నీరసిస్తే లీన్‌గా (ఇంధనం తక్కువగా) ఉన్నట్టు, ఒకటి రెండు క్లిక్‌లు తెరవండి.

నీడిల్ తిప్పేది, గ్లో క్లిప్ (ప్లగ్‌ని వేడెక్కించే బ్యాటరీ క్లిప్పు) తీసేది ఎప్పుడూ ప్రాప్ వెనక నుంచే. ఇంధనం నిండిపోయి ప్రాప్ కదలకపోతే స్టార్టర్‌తో బలవంతం చేయొద్దు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్ విప్పి ఇంధనం బయటకు పోనివ్వండి.

క్లంక్:
ఇంజిన్ బాగాలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ట్యాంకే. దాని మధ్యరేఖ నీడిల్ ఎత్తులో గానీ, 10 మి.మీ. వరకు కిందికి గానీ ఉండాలి. పైకి ఉంటే ఐడిల్‌లో ఇంధనం తనంతట తానే కార్బురేటర్‌లోకి కారుతుంది. చుట్టూ ఫోమ్ తప్పనిసరి, లేకపోతే కంపనకి నురగ పుట్టి గాలిలో ఉండగా లీన్ అవుతుంది. ట్యూబ్‌లో సూది మొనంత చిల్లు ఉన్నా అదే తంతు. 46కి 300 మి.లీ. ట్యాంకు పెట్టి, పది నిమిషాలకు దించేయండి.

ఇంజిన్ బిగించే ముందే ఫైర్‌వాల్‌కీ (ఇంజిన్ బిగించే చెక్క పలకకీ) ట్యాంకు గదికీ ఎపాక్సీ పూయండి. నూనె ఇంకిన చెక్కకు తర్వాత జిగురు అతకదు. రోజు చివర ట్యూబ్ పీకి ఇంజిన్‌ని పొడిగా ఆగనిచ్చి, ఆఫ్టర్-రన్ ఆయిల్ వేసి తిప్పండి. ఇంధనంలోని మిథనాల్ తేమను పీలుస్తుంది, బేరింగ్‌లకు తుప్పు పట్టేది అందువల్లే.

కొత్తరెక్క:
46, 11×5 ఖాయం చేసుకున్నానండీ. ఐడిల్ బాగుండి, థ్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే ఆగిపోతే ఏం చూడాలి?

నీడిల్‌వాల్వ్:
ముందు మెయిన్ నీడిల్ సరిగ్గా ఉందో చూసుకోండి. తర్వాత ఐడిల్‌లో ఇంధనం ట్యూబ్‌ని కార్బురేటర్ దగ్గర వేళ్లతో నొక్కిపట్టండి, చెయ్యి ప్రాప్‌కి వెనకే ఉండాలి. వెంటనే ఆగిపోతే లో నీడిల్ (ఐడిల్‌లో ఇంధనం మోతాదు మార్చేది) లీన్. ఆర్‌పీఎం బాగా పెరిగి చాలాసేపటికి ఆగితే రిచ్, తెరిచినప్పుడు పొగ కక్కి తడబడేది ఇందుకే. మూడు నాలుగు సెకన్లు తిరిగి, కొంచెం మాత్రమే పెరిగి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. మార్చాల్సి వస్తే చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున తిప్పి మళ్లీ నొక్కి చూడండి.